అనుపానము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పొద్దున మనమందరమూ ఉగాది పచ్చడి తిని వచ్చాము. ఉత్త వేపపువ్వు నోట వేసుకొమ్మంటే మనలో ఎందరము వేసుకొనేవాళ్ళమో! బెల్లము, చింతపండు, మామిడిముక్క తోడైన తరువాతనే ఆ చేదు గొంతు దిగింది. మందుకు ఇట్లా తోడుగా పుచ్చుకొనే పదార్థమును మన వైద్యులు అనుపానమన్నారు. ఒక మందును తేనెలో రంగరించి ఇమ్మనేవారు, మరొకదానిని నేతితో ఇమ్మనేవారు, వేరొకదానిని పాలతో ఇమ్మనేవారు. మాత్ర ఒకటే అయినా అనుపానము మారితే ఫలము మారుతుందని పెద్దల మాట. నేడు మేము మనవి చేయదలచినది కూడా ఒక అనుపానమును గూర్చే. అయితే ఇది గిన్నెలో కనిపించేది కాదు. కంటికి ఆనని క్రొవ్వు రేణువులలో మందును దాచి, నోటిద్వారా లోపలికి పంపే క్రొత్త విద్యను గూర్చి.

"పండుగపూట మందుల మాటలేమిటండీ" అని కార్యదర్శిగారు నవ్వారు. మేము ముప్పై ఏండ్లు విద్యార్థులకు ఔషధశాస్త్రము చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాళ్ళము. మాకు తెలిసినది అదే. పైగా ఈ సంగతి మా యింట్లోనే మాకు బుద్ధి చెప్పింది. ముందు అది విన్నవించుకొంటాము.

మా మేనత్తగారిది గుంటూరు సీమ. పెద్దతనములో బెంగుళూరికి, మా యింటికి వచ్చి చేరారు. ఒక ఏడు ఆమెకు ఒంటిమీద తామర లేచింది. వైద్యుడు ఇట్రాకొనజోల్ అనే మందు గొట్టాలు వ్రాసి ఇచ్చారు. మందులషాపు కుర్రవాడు పొట్లము చేతికిస్తూ "ఊట ఆద మేలె తగొళ్ళి" అన్నాడు. మనకు ఊట అంటే చెలమలో ఊరే నీరు. ఇక్కడివారికి ఊట అంటే భోజనము. అన్నము తిన్న తరువాత వేసుకొమ్మని అతడు చెబితే, నీళ్ళతో వేసుకొమ్మన్నాడు గాబోలునని ఆమె అనుకొన్నారు. తెల్లవారుజామున స్నానము చేసి, తులసికోటకు మ్రొక్కి, పరగడుపున చెంబెడు నీళ్ళతో వేసుకొనేవారు. దానితోపాటే కడుపులో పులుపు తగ్గడానికి ఎప్పుడూ వేసుకొనే మాత్ర కూడా.

నెల గడిచింది. తామర చెక్కు చెదరలేదు. వైద్యుని అనుమానించాము. మందు నకిలీదేమో అనుకొన్నాము. చివరకు ఒకనాడు "అత్తయ్యా, ఆ మందు ఎప్పుడు వేసుకొంటున్నారు?" అని అడిగాము. ఆమె చెప్పినది విని తల దించుకొన్నాము. ఆ గొట్టములోని మందు నీటిలో బహు కష్టముగా కరుగుతుంది. అది కరగడానికి కడుపులో ఆమ్లము కావాలి, భోజనము తోడు కావాలి. ఆమె ఆ రెండూ లేకుండా చేసుకొన్నారు. మందు చాలా భాగము వచ్చిన దారినే పోయింది. వైద్యునికి చెప్పగా, గొట్టమును భోజనానంతరము మార్చి, పులుపు మాత్రను ఆపించారు. కొన్ని వారాలలో తామర తగ్గుముఖము పట్టింది. ముప్పై ఏండ్లు మేము తరగతిలో నల్లబల్లమీద వ్రాసినది ఇదే పాఠము. మా యింటి మనిషిని అడగడానికి మాత్రము మాకు నెల పట్టింది.

ఇందులో ఇంకొక విచిత్రమున్నది. ఇదే ఇట్రాకొనజోల్ ద్రావకరూపములో కూడా ఉన్నది. దానిని పరగడుపునే పుచ్చుకోవాలి. అందులో మందును చక్కెర జాతికి చెందిన వలయాకారపు అణువులలో ముందే ఇమిడ్చి కరిగించి ఉంచుతారు గనుక భోజనముతో పని లేదు. మందు ఒకటే. తోడు మారింది, నియమము తలక్రిందులైంది. అనుపానమంటే ఇదీ.

మ్రింగిన మాత్ర రక్తములో కలవాలంటే మూడు వాకిళ్ళు దాటాలి. మొదటిది కరగడము. మన జీర్ణరసములు నీళ్ళు. నీటిలో కరగని మందు ఇసుకరేణువువలె దొర్లుకొంటూ పోతుంది. రెండవది ప్రేగు గోడ. చిన్నప్రేగు సుమారు ఇరవై అడుగుల పొడవు. దాని లోపలివైపు తివాచీమీది నూలుపోగులవలె సన్నని మొలకలుంటాయి. వాటిమీద జిగురుపొర ఉన్నది. అది దాటి కణములోనికి పోయిన మందును కూడా పట్టి వెనుకకు నెట్టివేసే కావలివారు కొందరున్నారు. మూడవది కాలేయము. ప్రేగునుంచి రక్తము నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయానికి పోతుంది. అక్కడ సుంకపు ఠాణా ఉన్నది. వచ్చిన ప్రతి సరకును విప్పి చూసి, పరాయిదని తోస్తే విరిచి పారవేస్తుంది. విషమునుంచి మనను కాపాడేదీ అదే, మందును కాజేసేదీ అదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లు, వైద్యుడు నూరు పాళ్ళు ఇచ్చినా ఒంటికి పది పాళ్ళు దక్కవచ్చు.

అయితే ఈ ఠాణాను తప్పించుకొనే దారి ఒకటి ప్రకృతిలోనే ఉన్నది. అది క్రొవ్వు పోయే దారి.

1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి అనే వైద్యుడు, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్టను కోసి చూస్తున్నాడు. ప్రేగుల నడుమ పొరలో తెల్లని దారములవంటివి కనిపించాయి. నరములనుకొని ఒకదానిని కోశాడు. పాలవంటి ద్రవము వచ్చింది. అవి మనము తిన్న క్రొవ్వును మోసుకొనిపోయే గొట్టములు. మనము తిన్న నెయ్యి, నూనె ముందు పైత్యరసముతో కలిసి చిన్న బొట్లవుతాయి. జీర్ణరసము వాటిని విరుస్తుంది. విరిగిన ముక్కలు ప్రేగు గోడలోనికి పోయి, అక్కడ మళ్ళీ క్రొవ్వుగా కూడి, మాంసకృత్తుల తొడుగు తొడుక్కొని ఈ తెల్లని గొట్టములలో పడతాయి. వీటిలో పారేదానిని శోషరసమంటారు, వైద్యులు లింఫు అంటారు. ఆ కాలువ కాలేయానికి పోదు. రొమ్ములోనుంచి పైకి పోయి, మెడకు ఎడమవైపున పెద్ద సిరలో కలుస్తుంది. అంటే ఠాణా ఎదుట పడకుండా పొలము గట్టువెంట ఊరు చేరడమన్నమాట.

ఈ శోషరస కాలువలు తెలుగువారికి క్రొత్తవి కావు. కోస్తా జిల్లాలలో ఏ ఊరికి పోయినా బోదకాలు మనుషులు కనిపించేవారు. కాళ్ళనుంచి వచ్చే ఈ కాలువలలోనే ఆ పురుగు కాపురముండి దారి మూసివేయడమువల్ల కాలు వాస్తుంది. ఆ జబ్బుకు నోటిద్వారా ఇచ్చే హెట్రజాన్ మాత్రను 1940ల చివర లోకానికిచ్చినవారు, భీమవరములో పుట్టి అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆయన సహచరులు. మనవలెనే ఇల్లు విడిచి వచ్చి, పరాయిగడ్డమీదనే కన్నుమూసిన మనిషి.

సరే, నీటిలో కరగని మందులు చాలామటుకు నూనెలో కరుగుతాయి. అటువంటి మందును క్రొవ్వులో కలిపి ఇస్తే మొదటి వాకిలి దాటుతుంది, కొంత భాగము గట్టుదారిన కూడా పోతుంది. మరి మాత్రమీద చెంచాడు నెయ్యి త్రాగితే చాలదా అని మీరు అడగవచ్చు. ఒక్కొక్కప్పుడు కొంత సాయపడుతుంది. కాని ఒకనాటి భోజనమువలె మరునాటి భోజనముండదు. పైత్యరసము అందరికీ ఒకేతీరుగా ఊరదు. మందు లెక్క మాత్రము తప్పకూడదు.

ఈ తిప్పలు ఎంతటివో సైక్లోస్పోరిన్ కథ చెబుతుంది. 1969లో నార్వేలోని హర్దాంగర్‌విడ్డ పీఠభూమి మట్టిని కొంత, సెలవుపై వెళ్ళిన సాండోజ్ కంపెనీ ఉద్యోగి తెచ్చాడు. దానిలోని బూజునుంచి ఈ పదార్థము దొరికింది. ఒంటికి పరాయి అవయవమును త్రోసివేసే స్వభావమున్నది గదా, దానిని ఇది అణచిపెడుతుందని 1972లో గమనించారు. 1983లో అమెరికాలో వాడకానికి అనుమతి వచ్చింది. మూత్రపిండము మార్పించుకొన్నవారికి అది ప్రాణాధారమైంది. కాని అది నీటిలో కరగదు. నూనెలో కరిగించి ఇచ్చేవారు. ఒక రోగికి పదింట ఒక వంతు కూడా రక్తములోనికి పోయేది కాదు, మరొకరికి తొంభై పాళ్ళకు దగ్గరగా పోయేది. తక్కువైతే క్రొత్త అవయవము పోతుంది. ఎక్కువైతే ఆ మందే మూత్రపిండమును చెరుపుతుంది. కాలేయము మార్పించుకొని, పైత్యరసమును గొట్టముద్వారా బయటికి తీయించుకొంటున్నవారి పాట్లు చెప్పనలవి కాదు. పైత్యము లేనిదే నూనె విరగదు, మందు దిగదు.

అప్పుడు ఆ నూనెనే మరొక విధముగా కూర్చారు. నూనెతోపాటు, నీటితోను నూనెతోను స్నేహము చేయగల పదార్థములను ముందే కలిపిపెట్టారు. కడుపులో నీరు తగలగానే అది తనంతట తానే అతి సూక్ష్మమైన బొట్లుగా విడిపోతుంది. ఈ రూపము 1995లో అమెరికాలో అనుమతి పొందింది. పైత్యముమీద ఆధారపడడము చాలావరకు తగ్గింది. మనిషికీ మనిషికీ ఉండే తేడా కూడా తగ్గింది. అయితే ఒక షరతు ఉన్నది. పాత రూపమునుంచి క్రొత్త రూపానికి వైద్యుడు రక్తపరీక్ష చూసికాని మార్చకూడదు. మందు పేరు ఒకటే గదా అని మార్చుకొంటే ఎక్కువై కూర్చుంటుంది.

బొట్టు చిన్నదైతే ఇంత మార్పేమిటని అనిపించవచ్చు. ఒక మిల్లీమీటరును పది లక్షల పాళ్ళు చేస్తే ఒక పాలు నానోమీటరు. మన తల వెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు నూనెబొట్టును 100 నానోమీటర్ల బొట్లుగా చేస్తే అవి లక్ష కోట్లవుతాయి. నూనె అంతే ఉన్నది, కాని దాని పైతలము పదివేల రెట్లు పెరిగింది. జీర్ణరసము తాకేది ఆ పైతలమునే. పెద్ద బెల్లపుగడ్డకంటె పొడి త్వరగా కరగడము మన ఆడవారికి తెలిసినదే.

అంత సన్నగా చేసే యంత్రమును మీరందరూ చూడకపోయినా, దాని ఫలము రోజూ త్రాగుతూనే ఉన్నారు. కొన్ని పాలపొట్లములమీద హోమోజనైజ్డ్ అని వ్రాసి ఉంటుంది. ఆ పాలు కాచినా మీగడ సరిగా కట్టదని గృహిణులు విసుక్కొంటారు. పాలను బలమైన ఒత్తిడితో సన్నని సందులోనుంచి త్రోసి, వెన్నబొట్లను చితక్కొట్టడమువల్ల అట్లా జరుగుతుంది. ఆ యంత్రమునకు ఫ్రాన్సులో ఆగస్ట్ గోలాన్ 1899లో హక్కుపత్రము పొందాడు. దాదాపు శతాబ్దము తరువాత, 1990 ప్రాంతములలో, జర్మనీలో ముల్లర్, ఇటలీలో గాస్కో ప్రభృతులు గట్టి క్రొవ్వు రేణువులను తయారుచేసే పద్ధతులు చూపారు. వాటిలో ముల్లర్ వాడినది ఈ యంత్రము జాతిదే. ఒంటి వేడికి కూడా కరగని క్రొవ్వును తీసుకొని, వేడిచేసి కరిగించి, అందులో మందు కలుపుతారు. సోయా చిక్కుళ్ళలోను, గుడ్డు పచ్చసొనలోను ఉండే లెసిథిన్‌వంటి పదార్థము కలిపిన వేడినీటిలో దానిని పోసి, యంత్రములో త్రోస్తారు. చల్లారితే ప్రతి బొట్టూ ఒక గట్టి రేణువవుతుంది. మందు లోపల బందీగా ఉండి, కడుపులోని ఆమ్లమునుంచి కొంత రక్షణ పొందుతుంది.

ఈ పనికి మన నేలమీద కూడా పాటుపడినవారున్నారు. వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయములో వి. వెంకటేశ్వర్లు, కె. మంజునాథ్ అనే పరిశోధకులు క్లోజపిన్ అనే మానసిక వ్యాధి మందును తీసుకొన్నారు. కాలేయపు సుంకము తీవ్రముగా పడే మందు అది. దానిని క్రొవ్వు రేణువులలో ఇమిడ్చి, ఎలుకల చిన్నప్రేగు మొదట్లోనికి నేరుగా ఎక్కించి చూశారు. మామూలు ద్రవరూపములో ఇచ్చినదానికంటె రెండున్నర రెట్లు మొదలు నాలుగున్నర రెట్ల వరకు ఎక్కువగా రక్తములోనికి చేరినదని 2005లో ప్రకటించారు. ఎలుకమీద తేలినది మనిషికి అట్లే వర్తిస్తుందని మేము చెప్పము. ఆ దూరము చాలా ఎక్కువ. కాని ఆ మార్గమున్నదని చూపినవారిలో తెలుగునేల విద్యాలయము ఒకటి ఉండడము మనకు సంతోషము.

దీనిలో చిక్కులూ ఉన్నవి. చలికాలములో నెయ్యి పూసకట్టడము చూశారు గదా. గట్టి క్రొవ్వు కూడా నిలవ ఉన్నకొద్దీ లోలోపల వరుస కట్టుకొంటూ పోతుంది. వరుస పక్కాగా కుదిరితే మధ్యలో మందుకు చోటుండదు, బయటికి నెట్టివేస్తుంది. అందుచేత తరువాతివారు గట్టి క్రొవ్వులో కొంత ద్రవనూనె కలిపి, వరుస కావాలని చెడగొట్టారు. ఇక రేణువు రేణువుగానే రక్తములోనికి ఈదుకొని పోతుందని కొందరు వ్రాస్తూ ఉంటారు. అది చాలామటుకు నిజము కాదు. ఎక్కువ భాగము ప్రేగులోనే మామూలు క్రొవ్వువలె జీర్ణమై, మందును కరిగిన స్థితిలో గోడకు అందిస్తుంది. మోసుకొనిపోయే బండి గుమ్మములో ఆగుతుంది, చుట్టము లోపలికి పోతాడు.

కోవిడ్ కాలములో ఈ క్రొవ్వు రేణువుల పేరు అమెరికాలోని మన పిల్లల ఉత్తరములలో, ఫోనులలో విన్నాము. 2020 చివర అక్కడ ఇచ్చిన కొన్ని టీకాలు వీటిలో ఇమిడ్చినవే. కాని అవి సూదిమందులు. కడుపులోని ఆమ్లము, పైత్యము వాటి దారిలో లేవు. నోటిద్వారా పంపడము ఇంకా కష్టమైన విద్య. ఆ విద్య ఎందుకంటే, 2021లో నల్లబూజు జబ్బు వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ సూదిమందుకోసము ఎన్ని కుటుంబాలు ఊరూరా తిరిగాయో మరచిపోలేదు గదా. ఆ మందు మ్రింగితే దాదాపు ఇంకదు. దానిని క్రొవ్వు పొరలలో చుట్టి నోటిద్వారా ఇచ్చే రూపమును ఉగాండాలో మెదడుపొర జబ్బు రోగులపై పరీక్షించి, ఆశాజనకమైన ఫలితములు 2023లో ప్రకటించారు. సూదీ, సెలైనూ, పడకా లేకుండా ఇంటివద్ద పుచ్చుకొనే రోజు వస్తే పేదవానికి అంతకంటె మేలేమున్నది?

మన ఊరి మాట కూడా ఒకటి చెప్పాలి. ఈ బెంగుళూరులోనే సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు 1998లో పసుపులోని కర్క్యుమిన్‌ను మనుషులకిచ్చి చూశారు. 2 గ్రాములు ఇచ్చినా రక్తములో జాడ కనిపించడమే కష్టమైంది. దానికి మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు తోడు చేస్తే సుమారు ఇరవై రెట్లు పెరిగింది. ఇది మరొక అనుపానము. క్రొవ్వు గట్టుదారి చూపిస్తే, మిరియపు సారము ఠాణాలోని ఉద్యోగులను కాసేపు పని మానిపిస్తుంది. వారు పని మానితే పసుపు ఒక్కటే దాటదు, అదే సమయములో వేసుకొన్న ఇతర మందులు కూడా లెక్కకు మించి దాటవచ్చు. చారులో చిటికెడు మిరియాలకు భయపడనక్కరలేదు. సారము తీసి గొట్టములలో పోసినవి మాత్రము వైద్యునికి చెప్పే వాడాలి.

ఈ మాటలు విని మన పెద్దలు వెనుకటికే నానో విద్య కనిపెట్టారని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. వారు చూసి గ్రహించినది గొప్పదే. ఈనాటివారు కొలిచి తెలిసికొన్నది వేరు. అట్లాగే డబ్బామీద నానో అని అచ్చువేసినంత మాత్రాన పసుపు సంజీవని కాదు. ఎక్కువగా ఇంకడము ఎప్పుడూ మేలేననడమూ పొరపాటే. సైక్లోస్పోరిన్ కథ అందుకే చెప్పాము.

ఇక మనము చేయదగినది. అన్నము ముందా, తరువాతా, పాలతోనా, వద్దా అన్నది చీటీ చివర వ్రాసే మర్యాదమాట కాదు. అది మందులో సగము. థైరాయిడు మాత్ర పరగడుపున వేసుకోవాలి. టెట్రాసైక్లిన్ పాలతో వేసుకొంటే పాలలోని సున్నము దానిని పట్టివేస్తుంది. గొట్టము విప్పి పొడిని తేనెలో కలపడము, మాత్రను నలిపి నేతిలో ఇవ్వడము వైద్యుని అడగకుండా చేయరాదు. కంపెనీ మారినా, రూపము మారినా నియమము అదేనా అని అడగాలి. అడిగితే నామోషీ లేదు.

మనలో చిన్నవారికి కన్నడము, ఇంగ్లీషు బాగా వచ్చు. ఊరినుంచి వచ్చి మనవద్ద ఉండే అమ్మలకు, అత్తలకు, తాతలకు రావు. తెలియలేదని చెప్పడానికి వారికి మొగమాటము. తల ఊపి వచ్చేస్తారు. మన సంఘములోని యువతీయువకులను మేము కోరేది ఒక్కటే. ఈ వారము మీ యింట్లో పెద్దల మందుల పెట్టె తీయండి. ఒక్కొక్కదానిమీద పెద్ద అక్షరములతో తెలుగులో "అన్నము తిన్నాక", "పరగడుపున", "పాలతో వద్దు" అని వ్రాసి అంటించండి. తెలియనిది వైద్యుని అడిగి వ్రాయండి. తరువాత వారి ప్రక్కన కూర్చుండి, ఏది ఎప్పుడు వేసుకొంటున్నారో వారి నోటనే చెప్పించుకోండి.

మా మేనత్తగారు ఇప్పుడు లేరు. ఆమె పెట్టెమీద మేము అంటించిన చీటీ ఇంకా ఉన్నది. నెల ముందే అంటించవలసినది.

ఎంతటి మందుకైనా దారి చూపే తోడు కావాలి. ఆ తోడు వరంగల్లు రేణువు కావచ్చు, యింట్లో మనుమరాలి చేతివ్రాత కావచ్చు.